జీతం లేని తోటపని

అమెరికా వచ్చిన అమ్మానాన్నలకి ఏం చూపించాలి అన్నది బే ఏరియాలో ఉన్న ప్రతి తెలుగువాడికీ ఏడాదికోసారి ఎదురయ్యే ప్రశ్న. గోల్డెన్ గేట్ బ్రిడ్జి, లివర్మోర్ గుడి, ఆపిల్ వాళ్ల సందర్శకుల కేంద్రం, ఒక అవుట్‌లెట్ మాలు. ఈ లిస్టు పది రోజుల్లో అయిపోతుంది. పాస్‌పోర్టు మీద వేసిన స్టాంపు మాత్రం ఆరు నెలలకి ఉంటుంది. మా నాయిన విషయంలో అయితే నాలుగు రోజులకే అయిపోయింది. ఆయనకి బిల్డింగులు చూడ్డం ఇష్టం ఉండదు. "ఏముందిరా అండ్ల, అద్దాలే గద" అంటాడు. నాగార్జునసాగర్ డ్యాం కడుతుంటే చిన్నప్పుడు చూసినాయన, ఇక ఏ కట్టడమూ ఆయనకి ఆనదు.

అందుకని ఏప్రిల్లో ఒక శనివారం పాలో ఆల్టోలో గ్యాంబుల్ గార్డెన్‌కి తీసుకెళ్లాను. వేవర్లీ వీధిలో ఉంటుంది. అదే వీధిలో కొంచెం కిందికి వెళ్తే స్టీవ్ జాబ్స్ ఉన్న ఇల్లు. పక్కనే అడిసన్ అవెన్యూలో హ్యూలెట్, ప్యాకర్డ్ 1938-39ల్లో పని మొదలుపెట్టిన గరాజు. మనవాళ్లు ఈ రెండు చోట్లా ఆగి ఫోటోలు దిగుతారు (రెండూ బయటనుంచే చూడాలి). మధ్యలో ఉన్న ఈ తోటని కారులోంచి చూసి ఎవరిదో ధనవంతుల ఇల్లనుకుని వెళ్లిపోతారు. నేనూ మూడేళ్లు అలాగే ఆ రోడ్డు మీద ఆఫీసుకి తిరిగాను. నిజానికి ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు. టికెట్ లేదు, గేటు దగ్గర అడిగేవాడు లేడు. తెల్లవారినప్పట్నుంచి పొద్దుగూకేదాకా తెరిచే ఉంటుంది.

గ్యాంబుల్ అంటే ఎవరో అనుకునేరు, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో గ్యాంబులే. మన పెద్దవూర కిరాణా కొట్లో దండలాగ వేలాడే టైడ్ పొట్లాలు, జలుబు చేస్తే రాసుకునే విక్స్, అన్నీ వాళ్లవే. 1837లో సిన్సినాటిలో కొవ్వొత్తులు చేసే ప్రాక్టరూ సబ్బులు చేసే గ్యాంబులూ కలిసి పెట్టిన కంపెనీ. ఆ సబ్బుల జేమ్స్ గ్యాంబుల్ కొడుకుల్లో ఒకాయన ఎడ్విన్ పెర్సీ గ్యాంబుల్. పెద్దకొడుకు స్టాన్‌ఫర్డ్‌లో చదువుకోవాలని కుటుంబంతో సహా పాలో ఆల్టో వచ్చి 1902లో ఈ ఇల్లు కట్టించాడు. అంటే పిల్లల చదువు కోసం ఊరు మారి, అప్పో సప్పో చేసి ఇల్లు కొనే జబ్బు మన క్యూపర్టినో తెలుగువాళ్లతో మొదలు కాలేదన్నమాట :) ఆయనకి అప్పు చేసే అవసరం పడి ఉండదు, అదొక్కటే తేడా.

ఎడ్విన్ కూతురు ఎలిజబెత్. పెళ్లి చేసుకోలేదు. 1981లో చనిపోయేదాకా ఆ ఇంట్లోనే ఉంది. ఇల్లూ, దాని చుట్టూ ఉన్న రెండున్నర ఎకరాలూ పాలో ఆల్టో నగరానికి రాసిచ్చేసింది. పాలో ఆల్టోలో రెండున్నర ఎకరాలంటే ఏమిటో రియల్ ఎస్టేట్ సైట్లు చూసే అలవాటున్న మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడిదాకా ఇది దానకర్ణుల కథ. అసలు కథ ఆమె పోయాక మొదలైంది. ఊరికి ఆస్తి వచ్చింది సరే, ఏం చేసుకోవాలి? పాత చెక్క ఇల్లు, పెద్ద తోట, రెండూ డబ్బు తినేవే. అమ్మేసి అక్కడ ఇళ్లు కట్టించాలన్న ఆలోచన కూడా నడిచింది. అప్పుడు ఆ ఊళ్లో తోటల మీద ఇష్టమున్నవాళ్ల సంఘం, పాలో ఆల్టో గార్డెన్ క్లబ్బు, ముందుకొచ్చి మేం చూసుకుంటాం అంది. 1985 నుంచి ఒక లాభాపేక్ష లేని సంస్థ కింద ఇది నడుస్తోంది. స్థలం నగరానిది, నడిపేది సంస్థ, పని చేసేది చాలావరకు వాలంటీర్లు. నలభై ఏళ్లు దాటింది. నేను పనిచేసిన కంపెనీల్లో సగం అందులో సగం కాలం కూడా బతకలేదు.

నాయిన చేతులు వెనక్కి కట్టుకుని తోటంతా తిరిగాడు. గులాబీల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. విస్టీరియా తీగె పూతకొచ్చి గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటే, "దీన్ని ఏడాదికోపారి కొయ్యకుంటే పందిరిని మింగేస్తది" అన్నాడు. పండ్లచెట్లని తీగెలకి కట్టి, కొమ్మలు అటూ ఇటూ చాపి, బల్లపరుపుగా పెంచే పద్ధతి ఒకటుంది. ఫ్రాన్సు వైపు నుంచి వచ్చింది. చోటు తక్కువ పడుతుంది, కొమ్మలన్నిటికీ ఎండ బాగా తగులుతుంది. అది చూసి మాత్రం నొచ్చుకున్నాడు. "చెట్టును సిలువేసిండ్రు గదరా!" అని కాసేపు దాని చుట్టూ తిరిగి, కొమ్మ కింద చెయ్యి పెట్టి బరువు చూసి, "కాయ బాగనే వడతది గనీ" అని ఒప్పుకున్నాడు.

కూరగాయల మడుల దగ్గర కొచ్చేసరికి అడిగాడు.

"గిదెవలిదిరా?"

"ఎవ్వలిదీ కాదు నాయినా. ఊరిది."

"ఊరిదైతే గింత సాపుగ ఎట్లుంటదిరా?"

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అక్కడ మోకాళ్ల కింద దిండులాంటిది వేసుకుని ఒకావిడ కలుపు తీస్తోంది. డెబ్బై పైనే ఉంటాయి. చేతులకి తొడుగులు, తలకి టోపీ, పక్కన ఒక బకెట్టు. ఆవిడనే అడిగాను. లేచి, నడుం పట్టుకుని, చాలా ఓపికగా చెప్పింది. ఇంజనీరుగా పనిచేసి రిటైరైందట. వారంలో ఒక రోజు పొద్దున మూడు గంటలు వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లని పాతవాళ్ల పక్కన పెడతారు. ఏది కలుపో ఏది మొక్కో తెలిసేదాకా కత్తెర చేతికివ్వరు. కొన్నాళ్లకి ఒక మడి అప్పగిస్తారు. అది బాగుంటే పేరు ఎవరిదీ ఉండదు, బాగోకపోతే మాత్రం అందరికీ తెలుస్తుంది అని నవ్వింది.

నాకైతే అచ్చం ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు గురించి వింటున్నట్టే అనిపించింది. రాగానే కమిట్ చేసే హక్కు ఇవ్వరు, ముందు చిన్న బగ్గులు ఫిక్స్ చేయాలి, ఎవరో ఒకరు రివ్యూ చేయాలి. మరి డబ్బు? సభ్యత్వాలు, విరాళాలు, వసంతంలో ఊళ్లో వాళ్ల సొంత తోటలు చూపించే టూరు, దానికి టికెట్లు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంటిని పెళ్లిళ్లకీ పార్టీలకీ అద్దెకిస్తారు. ఇది నాయినకి చెప్తే ఠక్కున, "అంటే ఫంక్షన్ హాలే గద!" అన్నాడు. అవును, ఫంక్షన్ హాలే. తోటని బతికించే ఫంక్షన్ హాలు. గుర్రబ్బగ్గీలు పెట్టుకునే షెడ్డుని కూడా మీటింగులకీ క్లాసులకీ వాడుతున్నారు. అన్నీ వాలంటీర్లే చేయరు కూడా. తోటపని శాస్త్రం చదివినవాళ్లు, ఆఫీసు చూసేవాళ్లు కొద్దిమంది జీతానికి ఉంటారు. వాలంటీర్లకి ఏ రోజు ఏం చేయాలో వాళ్లే చెప్తారు.

కారు దగ్గరికి నడుస్తుంటే నాయిన అడిగాడు.

"ఆ ముసలామెకు ఎంతిస్తరట?"

"ఏమియ్యరు. ఊకెనే చేస్తది."

"తిండి?"

"ఇంటికి వోయి తింటది."

"పెద్దోళ్ల తోటల పైసల్లేకుండ పని. దాన్ని మనకాడ ఏమంటరో ఎర్కేనా?"

నేనేం మాట్లాడలేదు. తెలుసు గనక.

కోస్తా మిత్రులకీ, హైదరాబాదులోనే పుట్టి పెరిగిన పిల్లలకీ వెట్టి అన్న మాట పుస్తకాల్లో మాట. సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ పల్లెల్లో అది ఇంట్లో మాట. నిజాం కాలంలో కులాన్ని బట్టి ఎవరి వంతు పని వాళ్లు దొరకీ, ఊరికొచ్చిన అధికారికీ ఉత్త పుణ్యానికి చేసిపెట్టాలి. కుండలు, చెప్పులు, కట్టెలు, నీళ్లు, ఉత్తరాలు మోయడం, బండ్లు కట్టడం. ఆంధ్ర మహాసభ రెండో సమావేశం 1931లో మా పక్కనున్న దేవరకొండలోనే జరిగింది, బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన. ఆ సభలు వినతులతో మొదలై, 1944 భువనగిరి సభ నాటికి తీరు మారిపోయింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. తర్వాతి కథ మీకు తెలిసిందే.

మా తాత వంతు మోట. దొరగారి మామిడితోటకి మోట కొట్టాలి. ఎడ్లు మా తాతవే, మేతా మా తాతదే, మోకు తెగితే కొత్త మోకూ మా తాతదే. తన చేను ఎండుతున్నా ముందు ఆ తోట తడవాలి. ఆ తోటలోకి ఆయన పిల్లలు కాయ ఏరుకోవడానికి కూడా పోకూడదు. నాయిన పుట్టేటప్పటికి ఈ కథ అయిపోయింది. పోలీసు యాక్షన్ జరిగింది, దొరలు హైదరాబాదు చేరారు. కానీ మా నాయినమ్మ చనిపోయేదాకా మామిడిపండు తినలేదు. పడదు అనేది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ తోటలో ఒక ముక్క ఇప్పుడు మాదే. అరవైల్లో దొర వారసులు కొంచెం కొంచెంగా అమ్ముకుంటుంటే మా తాత అప్పు చేసి రెండెకరాల పైచిలుకు కొన్నాడు. మోటబాయి ఉన్న ముక్కే కావాలని పట్టుబట్టి మరీ కొన్నాడట. అందులో దొర ఎండాకాలం వచ్చి పడుకునే చిన్న బంగళా ఉంది. గచ్చు గోడలు, టేకు దూలాలు, కప్పు సగం కూలిపోయింది. మామిడి చెట్లు నాలుగు మిగిలాయి, మిగతాదంతా నాయిన బత్తాయి పెట్టాడు. అవి ముసలివైపోయాయి. పెద్దవూర దగ్గర, సాగర్ రోడ్డుకి దగ్గరగా ఉంది. హైదరాబాదు నుంచి మాల్, మల్లేపల్లి మీదుగా వెంచర్ల జెండాలు ఏడాదికి కొంచెం కొంచెంగా ఎలా జరుగుతూ వస్తున్నాయో ఆ రోడ్డు మీద సాగర్ వెళ్లినవాళ్లందరికీ తెలుసు.

తమ్ముడు అమ్మేద్దాం అంటున్నాడు. వాడి లెక్క వాడికుంది, హైదరాబాదులో ఫ్లాటు ఈఎంఐ, ఇద్దరు పిల్లల ఫీజులు. నాకు మాత్రం బంగళా బాగుచేసి, తోటని ఊరికి విడిచిపెట్టాలని ఉంది. పిల్లలు చదువుకోడానికి నాలుగు బల్లలు, పెద్దమనుషులు కూచోడానికి నీడ. ఊరి కుర్రాళ్లు హైదరాబాదులో, పూణేలో, డల్లాస్‌లో ఉన్నవాళ్లం ముప్పై మందిమి ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. చందాలు వేసుకుంటాం, ఊళ్లో ఉన్నవాళ్లు శని ఆదివారాలు పని చేస్తారు అని నా ప్లాను. గ్యాంబుల్ గార్డెన్‌కి నాయినని తీసుకెళ్లడంలో నా ఉద్దేశం అదే. చూస్తే ఒప్పుకుంటాడని.

ఆయన చూసింది వేరే. దొర తోటలో మళ్లీ ఊరోళ్లు పైసల్లేకుండా పని చేయడం.

రాత్రి అన్నం తిన్నాక వాదించాను. నాయినా, ఆవిడ ఇష్టపడి వస్తోంది, రాకపోతే అడిగేవాళ్లు లేరు. గ్యాంబుల్ వాళ్లు లేరిప్పుడు, తోట అందరిదీ. వెట్టిలో ఊరోడు పని చేసేవాడు గానీ తోటలో తిరగలేడు, ఇక్కడ పని చేయనివాడు కూడా తిరగొచ్చు. నేను వికీపీడియాలో మన ఊళ్ల గురించి తెలుగులో రాస్తాను గదా, 2003 డిసెంబరు నుంచి అది నడుస్తోంది, రాసేవాళ్లకి పైసా ఇవ్వరు, అది వెట్టా? అని అడిగాను.

"నీకు పొద్దుగాల జీతం వస్తది, రాత్రి ఊకె రాస్తవ్. ఆ ముసలామెకు పించిని వస్తది. కడుపు నిండినోళ్లు ఊకె చేస్తే ఇష్టం. కూలి చేసుకునేటోణ్ణి ఆదివారం ఊకె రమ్మంటే ఏమంటరు?" అన్నాడు.

ఇందులో చాలా నిజం ఉంది. పాలో ఆల్టోలో వారానికో పూట ఉచితంగా కలుపు తీసే మనిషికి వెనకాల సొంత ఇల్లు, పెన్షను, ఇన్సూరెన్సు ఉంటాయి. స్వచ్ఛందం అన్న మాట వాళ్ల నోట్లో అంత తేలిగ్గా పలికేది అందుకే. మన దగ్గర ఈ మాట పేరు చెప్పి చేయించిన పనులు నాకూ గుర్తున్నాయి. 1997లో జన్మభూమి వచ్చినప్పుడు శ్రమదానం అని బడి పిల్లలందరి చేతా రోడ్డు పక్కన గడ్డి పీకించారు. బ్యానరు పట్టుకుని ఫోటో దిగాక పెద్దలు జీపులో వెళ్లిపోయారు, మేం తట్టలు మోసుకుంటూ నడిచొచ్చాం. 2020లో పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి, ఆలోచన మంచిదే. మా పక్క ఊళ్లో ఒకదానికి బోర్డు ఉంది, బెంచీలున్నాయి, కంచెకి తాళం కూడా ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు.

అలాగని మనవాళ్ల వల్ల కాదు అంటే నేనొప్పుకోను. కడపలో సి.పి. బ్రౌన్ ఉన్న బంగళా కూలిపోయి మొండిగోడలు మిగిలితే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు మరికొందరితో కలిసి చందాలు పోగుచేసి, 1987లో శంకుస్థాపన చేయించి, 1995కల్లా అక్కడ గ్రంథాలయం నిలబెట్టారు. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది, ఇవాళ్టికీ పరిశోధనా కేంద్రంగా ఉంది. శాస్త్రిగారు 2014లో పోయారు, అది ఆగిపోలేదు. మన భాషలో చెప్పాలంటే ఆ ప్రాజెక్టు బస్ ఫ్యాక్టర్ ఒకటి దగ్గర ఆగిపోలేదు. పాలో ఆల్టో కథకీ దీనికీ ఒక పోలిక ఉంది, రెండు చోట్లా ఒక పెద్ద సంస్థ స్థలం బరువు మోస్తోంది, మనుషుల ఉత్సాహం మీదే వదిలేయలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1901లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. వెనక నిలబడ్డవాళ్లలో ఒకరు మన కోదాడ పక్క మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు. తెలంగాణాలో తెలుగు చదువుకి ఆ గ్రంథాలయం చేసిన మేలు ఇంతా అంతా కాదు. అదే రాజావారి మునగాల పరగణాలో 1930ల్లో రైతులు వెట్టికి ఎదురు తిరిగారు. ఒకే మనిషి పట్నంలో పుస్తకాలకి దాత, ఊళ్లో వెట్టికి యజమాని. ఇది నాయినకి చెప్తే ఆశ్చర్యపోలేదు. "పట్నంల ఎవలకైనా మంచిగనే కనవడ్తరు" అన్నాడంతే.

నాలుగు రోజులు ఈ మాట ఎత్తలేదు. ఐదో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, మా అబ్బాయి నోటుబుక్కులో ఒక కాయితం మీద పెన్సిల్‌తో రాసి పెట్టాడు. ఆయన చదివింది ఏడో తరగతి, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. తోట పని చేసేవాళ్లు ఇద్దరు ఉండాలె, నెల జీతం ఇయ్యాలె, ఒక్క నెల గూడ తప్పొద్దు. ఊరోళ్లు చేస్తమంటే చెయ్యనీయాలె గని ఎవర్నీ పిలువొద్దు, పేర్లు రాసి పెట్టొద్దు, రానోళ్లను అడగొద్దు. గేటు పెట్టొద్దు, కంప చాలు మేకలకు. మామిడికాయ ఎవలు కోసుకున్నా ఏమనొద్దు. బంగళా బాగు చేస్తే దొర పేరు పెట్టొద్దు, మన పేరు పెట్టొద్దు. మోటబాయి పూడ్చొద్దు.

లెక్క వేశాను. ఇద్దరికి నెల జీతాలు, బోరు మోటారు, కంప, బంగళా కప్పు. చందాల మీద రెండేళ్లు గడుస్తుంది. ఆ తర్వాత గడవదు. వాట్సాప్ గ్రూపులో ముప్పై మంది ఉన్నారు గానీ మూడో ఏడాది చందా పంపేవాళ్లు ఎంతమందో ఇలాంటి గ్రూపుల్లో ఉన్న మీకందరికీ తెలుసు. గ్యాంబుల్ వాళ్లలాగ పెళ్లిళ్లకి ఇద్దామా అంటే, పెద్దవూరలో ఏసీ ఫంక్షన్ హాలు వదిలి కూలిన బంగళాలో ఎవరు చేసుకుంటారు? బత్తాయి తీసేసి కొత్తగా నిమ్మో జామో పెట్టి, ఎకరం పంట డబ్బుతో మిగతా ఎకరం నడపొచ్చా అని చూస్తున్నాను. కాపుకి వచ్చేదాకా మూడు నాలుగేళ్లు చేతి డబ్బే. పంచాయతీ పేరున రాసివ్వాలా, ట్రస్టు పెట్టాలా అన్నది ఇంకో తలనొప్పి. పంచాయతీకైతే ఆస్తి ఉంటుంది, కాయితంలో రాసినవి ఉంటాయన్న నమ్మకం లేదు. ట్రస్టు అయితే కాయితం ఉంటుంది, నడిపే మనిషి కావాలి. ఇలాంటిది మీలో ఎవరైనా మీ ఊళ్లో చేసి ఉంటే, ముఖ్యంగా మూడో ఏడాది దాటి ఉంటే, ఎలా చేశారో చెప్పండి. మొదటి ఏడాది గురించి నాకు తెలుసు, అప్పుడు అందరూ బాగానే చేస్తారు.

తమ్ముడికి ఫోన్ చేసి కాయితం చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "జీతాలిచ్చి తోట పెట్టి కాయలు పంచుతామా అన్నా" అన్నాడు. తర్వాత, నాయిన రాసిందా నిజంగా అని అడిగాడు. ఫోటో తీసి పంపాను. సంక్రాంతి దాకా ఎవరికీ మాటివ్వనన్నాడు. సర్వేయర్‌ని పిలిపించి హద్దురాళ్లు మాత్రం వేయిస్తానన్నాడు. అమ్మినా, ఇచ్చినా అది ఎలాగూ చేయించాల్సిందే.